చెంబులో నీళ్ళు కదిలిన పూట

మొన్న మంగళవారం మధ్యాహ్నం, కంచాలు కడిగి బోర్లించి, కాస్త నడుం వాలుద్దామని చాప పరుచుకుంటున్నప్పుడు, వంటింటి అరలో స్టీలు డబ్బాల మూతలు సన్నగా గలగలలాడడం మొదలుపెట్టాయి. లింగసుగూరులో మా చిన్నవాడు కట్టుకున్న ఇంటి వెనక ఖాళీ స్థలంలో ఎవరో బోరు వేయిస్తున్నారని పొద్దుటి నుంచీ తెలిసే ఉంది. అయినా నా కాళ్ళు వాటంతటవే ముందుగదిలోకి నడిచాయి, నా చూపు గూట్లో ఉన్న ఇత్తడి చెంబు మీద పడింది. అందులో ఇప్పుడు కోడలు పెట్టిన ప్లాస్టిక్ పూలున్నాయి. తొమ్మిదో తరగతి చదివే మనవరాలు పుస్తకం మీంచి తలెత్తి, "ఏం జూస్తున్నవ్ అవ్వా, అందుల నీళ్ళు గూడ లేవు" అని నవ్వింది. చెంబు తర్వాత నా కళ్ళు ఫోను మీదికి పోయాయి. అది మోగలేదు. ఎందుకు మోగుతుందనుకున్నానో చెప్పాలంటే, నేను కొత్త కోడలిగా బంగారు గనుల ఊరు హట్టికి వచ్చిన రోజుల్లోకి పోవాలి.

మాది తెలంగాణ సరిహద్దుకు దగ్గర, కృష్ణ ఒడ్డున ఒక చిన్న ఊరు. ఏడో తరగతి దాకా చదువుకుని, ఆ తర్వాత జొన్న చేలల్లో పిట్టలు తోలి, పద్దెనిమిదేళ్ళకు బంగారు గని కార్మికుల క్వార్టర్లలోకి కాపురానికి వచ్చాను. అత్త అప్పటికే లేదు. మామ, మా ఆయన ఇద్దరూ గనిలోనే పని చేసేవారు. వచ్చిన రెండో రోజే, మధ్యాహ్నం రెండు దాటాక కాళ్ళ కింద నేల ఒక్కసారి ఉలిక్కిపడి, గోడకు తగిలించిన జల్లెడ కిందపడింది. నేను కేక వేసి బయటికి పరుగెత్తితే పక్కింటి అక్క గుమ్మంలో కూర్చుని తాపీగా ఉల్లిపాయలు వలుస్తూ, "గంతనే, మందు గాల్చిండ్రు. ఇగ గంటకల్ల నీ మొగుడొస్తడు, బియ్యం కడుగు పో" అని నవ్వింది. తర్వాత లోపలికి తీసుకుపోయి వాళ్ళింటి గూట్లో ఉన్న చెంబు చూపించింది. అంచు దాకా నీళ్ళు నింపి, ఎవరూ తాకని చోట పెట్టి ఉంచిన చెంబు అది.

ఆ వరసలో ప్రతి ఇంట్లోనూ అటువంటి చెంబు ఒకటి ఉండేది. మొదటి షిఫ్టు మగవాళ్ళు తెల్లారకముందే దిగేవారు. రాతికి రంధ్రాలు తొలిచి, మందు కూరి, అందరూ దూరంగా తప్పుకున్నాక, రెండు దాటిన తర్వాత పేల్చేవారు. గడియారాలు లేని ఇళ్ళలో ఆడవాళ్ళకు అదే గడియారం. కొన్నిసార్లు పేలుడు మరీ లోతులో జరిగి కాళ్ళకు తెలియకపోయినా, చెంబులో నీళ్ళ మీద సన్నని వలయాలు లేచేవి. అవి చూసి ఎసరు పెట్టేవాళ్ళం. నీళ్ళు కదిలితే మనిషి పైకి వస్తున్నాడని లెక్క. ఆ వలయాలు పొరపాటు వేళలో లేస్తే ఏమిటన్నది ఎవరూ పైకి అనేవారు కాదు, నేనూ అడగలేదు.

ఆ రోజుల్లో నా ప్రాణమంతా కార్మికుల లైబ్రరీలో ఉండేది. పెద్దదేమీ కాదు, ఒకే గది, నాలుగు బీరువాలు, సగం కన్నడ, ఒక బీరువా తెలుగు. దాన్ని చూసుకునే పెద్దాయనను అందరం లైబ్రరీ తాత అనేవాళ్ళం. ఆడవాళ్ళెవరూ రాని ఆ గదిలోకి నేను మొదటిసారి కొంగు కప్పుకుని వెళ్ళినప్పుడు ఆయన ఏమీ అనకుండా ఒక స్టూలు తుడిచి ముందు పెట్టాడు. రెండేళ్ళలో తెలుగు బీరువా అయిపోయింది, కన్నడం కూడబలుక్కుని నేర్చుకుని ఆ బీరువాల మీద పడ్డాను. ఇప్పుడు చెప్పుకుంటే గొప్పలా ఉంటుంది గాని, మా వరసలో గ్రహణం ఎందుకు పడుతుందో, జ్వరం ఎందుకు వస్తుందో అడగాలంటే నా దగ్గరికే వచ్చేవారు. ఆ గౌరవం నాకు బెల్లంలా ఉండేది. అక్క మాత్రం నన్ను పేరుతో పిలవడం మానేసి, పుస్తకమన్న అర్థంలో "కితాబు" అని పిలిచేది. "కితాబూ, ఇయ్యాల వాన పడుతదా, బట్టలు ఆరేయాల్నా వద్దా?" అని.

అలా చేతికి వచ్చిందే భూమి గురించిన ఒక పాత పుస్తకం. మనం నిలుచున్న నేల అఖండమైన గట్టి ముద్ద కాదనీ, కొన్ని పెద్ద పలకలుగా విడిపోయి ఉందనీ, ఆ పలకలు అడుగున ఉన్న వేడికి మెల్లగా కదులుతూనే ఉంటాయనీ చదివిన రోజు నాకు నిద్ర సరిగా పట్టలేదు. మర్నాడు కుళాయి దగ్గర బిందెల వరసలో అందరికీ చెప్పాను. పొయ్యి మీద అంబలి ఉడుకుతున్నప్పుడు పైన పొర కడుతుంది చూడండి, అది ఒకచోట చీలితే అడుగునుంచి కొత్త అంబలి పైకొచ్చి అదీ పొర కడుతుంది, ఇంకొకచోట రెండు పొరలు తగులుకుంటే ఒకటి రెండోదాని కిందికి దూరిపోతుంది, లేదంటే రెండూ ముడతలు పడి పైకి లేస్తాయి, మరోచోట ఒకదాని పక్కనుంచి ఒకటి రాసుకుంటూ జారిపోతాయి, భూమి కూడా అంతే అన్నాను. మన దేశం ఒకప్పుడు దక్షిణాన ఎక్కడో ఆఫ్రికా పక్కన ఉండేదనీ, సముద్రం మీదుగా ఉత్తరానికి వచ్చి అవతలి ఖండాన్ని గుద్దుకుంటే హిమాలయాలు లేచాయనీ, ఇప్పటికీ మన గోళ్ళు పెరిగినంత నెమ్మదిగా నెట్టుకుంటూనే పోతున్నామనీ చెప్పాను. అక్క తన బిందె ముందుకు జరుపుకుంటూ, "అయితే జెర ఆగమను మీ దేశాన్ని, నా నీళ్ళు పట్టుకున్నంక పోదాం" అంది. అందరితో పాటు నేనూ నవ్వాను.

ఆ పుస్తకంలోనే ఇంకో మాట ఉంది. దక్కను నేల చాలా పాతది, గట్టిది, పలకల అంచులకు ఎంతో దూరంలో ఉన్నది, కాబట్టి నిలకడైనది అని. అక్కడికి చదివి పుస్తకం మూసేశాను. మన నేల ఎన్నటికీ కదలదు అని కుళాయి దగ్గర నొక్కి చెప్పాను. ఆ అధ్యాయంలో ఇంకా రెండు పేజీలు మిగిలి ఉన్నాయి. సన్నని అచ్చు, నాకు కావలసిన మాట అప్పటికే దొరికింది. ఆ రెండు పేజీల గురించే ఇదంతా రాస్తున్నాను.

మా మామ పని గనిలో దుంగలు నిలబెట్టడం. సొరంగం కప్పు కిందికి దిగకుండా కట్టెలు నిలిపి, చీలలు కొట్టి బిగించేవాడు. ముప్పై ఏళ్ళ పనిలో ఆయనకు ఒక అలవాటు ఉండేది. పాత సొరంగాలలో, ఈ గోడకూ ఆ గోడకూ మధ్య, కొలతకు కోసిన వెదురు బద్దను అడ్డంగా బిగించి వచ్చేవాడు. కొన్ని వారాల తర్వాత పోయి చూస్తే బద్ద తిన్నగా ఉందా, విల్లులా వంగిందా అన్నదాన్ని బట్టి గోడలు దగ్గరవుతున్నాయో లేదో తెలిసేది. మనిషి తవ్విన దారి నెమ్మదిగా మూసుకుంటుందని, రాతికి నోరు తెరిచి ఉంచడం ఇష్టముండదని ఆయన నమ్మకం. దుంగలు కిర్రుమనడం, గోడల్లోంచి టిక్కు టిక్కుమని చిటపటలు రావడం ఆయనకు మాటల్లాగే వినిపించేవి. గనిలో ఊరే నీళ్ళు ఉప్పగా ఉంటాయని ఆయన ఒకసారి అంటే, అక్కడి నల్లరాయి ఎంతో పూర్వం సముద్రం అడుగున పొంగిన లావా అని నేను చదివింది చెప్పాను. సముద్రం ఎన్నడూ చూడని ఆ మనిషి చాలాసేపు తన అరచేతుల వంక చూసుకుని, "అయితే ముప్పై ఏండ్లసంది దర్యా కింద పని జేస్తున్ననా నేను" అన్నాడు.

ఒక వేసవిలో, తలుపు దగ్గర కూర్చుని కాళ్ళకు ఆముదం రాసుకుంటూ, బద్ద ఒకటి వారం లోపలే వంగిందని మామ చెప్పాడు. ఎన్నో నెలలకు వంగవలసినది వారంలో వంగింది, రేపు షిఫ్టులో పోయి ఇంకొకటి బిగించి చూస్తాను, నీ మొగుణ్ణి కూడా అటే పంపుతున్నారు అన్నాడు. నాకు నా పుస్తకం గుర్తొచ్చింది. భూమి కదిలేది గోరు పెరిగినంత మామా, మీ బద్ద వారంలో ఎట్లా వంగుతుంది, పచ్చి వెదురేమో చూసుకోండి అన్నాను. వెదురు ఎండిందో పచ్చిదో తెలియని మనిషా ఆయన! మా ఆయన నా వైపు గుడ్లురిమాడు. మామ మాత్రం, "కావొచ్చు బిడ్డా" అని ఊరుకున్నాడు.

మరుసటి రోజు పొద్దున పదకొండు దాటి ఉంటుంది. నేను జొన్నలు చెరుగుతున్నాను. ముందు కుక్కలు మొరగడం ఆగిపోయింది. కుక్కలు మొరగడం వింటూ ఉంటాం గాని, ఆగిపోవడం వినడం అదే మొదటిసారి. తర్వాత చేటలోని జొన్నలు వాటంతటవే ఒక వైపుకు జారాయి. లేచి చూస్తే గూట్లో చెంబు నీళ్ళు పొర్లిపోయి గోడ మీదుగా కారుతున్నాయి. అది పేలుడులా ఒక్క అదురు కాదు, ఎవరో నేలను పట్టుకుని ఇటూ అటూ మెల్లగా ఊపినట్టు, లెక్కపెట్టగలిగినంత సేపు సాగింది. ఆగాక ఎటు చూసినా చప్పుడు లేదు. కాకి కూడా అరవలేదు.

ఆడవాళ్ళందరం బయట ఉన్నాం, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో చెంబు, ఎందుకు పట్టుకొచ్చామో ఎవరికీ తెలియదు. అక్క నా దగ్గరికి వచ్చింది. నవ్వు లేదు. "ఏమంటది నీ కితాబు? భూకంపమా?" అని అడిగింది. చెప్పవలసింది ఒక్కటే మాట, తెలియదు అని. నేను చెప్పలేదు. మన నేల కదలదక్కా, పుస్తకంలో ఉంది, ఇది గనే కూలింది అన్నాను. మామ బద్ద సంగతి కూడా చెప్పాను. గనిలో ప్రమాదమైతే మోగే సైరను మోగలేదు కదా అని ఎవరో అంటే, కరెంటు తీగలు తెగితే సైరను ఎట్లా మోగుతుంది అన్నాను. ఒక్కొక్క జవాబూ నా నోటి నుంచి ఎంత చక్కగా, ఎంత వరసగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు జలదరిస్తుంది.

గని గేటు దాకా అందరం పరుగెత్తాం. అక్కడినుంచి గని మీది ఇనుప గోపురం, దాని నెత్తిన చక్రం కనిపిస్తాయి. ఆ చక్రం తిరిగితే కింద మనుషులను దించి ఎక్కించే బోను కదులుతున్నట్టు. అది నిలిచి ఉంది. షిఫ్టు మధ్యలో అది చాలాసార్లు నిలిచే ఉంటుంది, ఆ సంగతి మాలో ప్రతి ఒక్కరికీ తెలుసు. అయినా ఆ పూట దాన్ని చూసి అందరి గొంతుల్లోంచీ ఒకే ఏడుపు లేచింది. కాపలా ఆయన, "ఏం కాలేదమ్మా, ఇండ్లకు పోండి" అంటే, అట్లనే అంటారని నేనే అన్నాను. మొగుణ్ణి పేరు పెట్టి పిలవని కాలం అది. నేను గేటు ఇనుప చువ్వలు పట్టుకుని మా ఆయన పేరు గట్టిగా పిలిచాను, అదే మొదలు, అదే చివర. నా గొంతు విని అక్క నా ముఖంలోకి ఒకసారి చూసింది. అంత చదివిన మనిషే ఇట్లా పిలుస్తుంటే ఇంకేముందనుకుందో ఏమో, గేటు పక్కనున్న రాతి కంబానికి రెండు చేతులూ కొట్టుకుంది. ఆకుపచ్చ గాజులు, నిండా పన్నెండు. పగిలి మట్టిలో పడిన చప్పుడు అంత ఏడుపులోనూ అందరికీ వినబడింది.

కొంతసేపటికి ఒక ఆఫీసరు వచ్చి, కింద అందరూ బాగున్నారు, టెలిఫోనులో మాట్లాడాం అని చెప్పాడు. నమ్మాలని ఉంది, నమ్మలేదు. ఎండలో అట్లాగే కూర్చున్నాం. మా కాళ్ళ కింద ఎప్పటిలాగే పేలుడు అదిరింది. చనిపోయినవాళ్ళు మందు పేల్చరు కదా అని నాకు తట్టింది గాని, ఆ రోజుకు నా తర్కం మీద నాకే అసహ్యం పుట్టి నోరు విప్పలేదు. మూడు గంటలకు చక్రం తిరిగింది.

మగవాళ్ళు మామూలుగా, టిఫిను డబ్బాలు ఊపుకుంటూ, దీపపు టోపీలు చంకన పెట్టుకుని, ఏదో నవ్వుకుంటూ వచ్చారు. గేటు బయట ముఖాలు ఉబ్బిన ఆడవాళ్ళను, చెదిరిన జుట్లను, చేతుల్లో చెంబులను చూసి ఆగిపోయారు. ఊళ్ళో ఎవరో పెద్ద మనిషి పోయాడనుకున్నారట. మామ ముందుకు వచ్చి, "ఏంది బిడ్డా, గిట్ల నిలబడ్డరు అందరు? ఎవలు సచ్చిండ్రు?" అని అడిగాడు. మేము ఏడ్చి ముగించిన మనుషులు మా ఎదుట నిలబడి ఉన్నారు, రాతి దుమ్ముతో బూడిద రంగులో. ఒక్క ఘడియ మాకు వాళ్ళను తాకడానికి చేతులు రాలేదు. వాళ్ళు మమ్మల్ని చూసి భయపడ్డారు, మేము వాళ్ళను చూసి. కింద వాళ్ళకు ఏ అదురూ తెలియలేదు. అక్క పెనిమిటి, నేను బావ అని పిలిచే ఆయన, ఆమె బోసి చేతులు చూసి అక్కడే కూలబడ్డాడు.

బతికుండగా ఏడిస్తే ఆయుష్షు పెరుగుతుందని మామ అందరికీ ధైర్యం చెప్పాడు. ఒక ముసలామె సలహా మీద, గాజులాయన ఇంటినుంచి ఆకుపచ్చ గాజులే తెప్పించి, దేవుడి ముందు కూర్చోబెట్టి బావ చేతే అక్కకు తొడిగించారు. అలవాటు లేని ఆ మొరటు చేతుల్లో మూడు చిట్లాయి. ఆ గాజులు తెచ్చింది నేను. అక్క నా ముఖం చూడలేదు. సాయంత్రం రేడియోలో, ఉత్తరాన చాలా దూరంలో భూమి కంపించిందని, ఆ అదురు మన వైపు దాకా తెలిసిందని చెప్పారు.

మర్నాడు లైబ్రరీకి పోయి ఆ రెండు పేజీలూ నిలబడే చదివాను. పలక ఒక అంచున కొండను నెడుతుంటే ఆ ఒత్తిడి పలక పొడవునా పాకుతుందట, నిలకడైన నేలలోపల కూడా పాత పగుళ్ళుంటాయట, ఎన్నో ఏళ్ళకు ఒకసారి అవి జరుగుతాయట. నిలకడ అంటే అరుదుగా కదలడం అనే తప్ప, అసలు కదలకపోవడం కాదని రాసే ఉంది. భూమి లోతుకు పోయినకొద్దీ అదురు తగ్గుతుందని కూడా తర్వాత వేరే పుస్తకంలో చదివాను. అంటే ఆ పూట మాకంటే మా మగవాళ్ళే భద్రంగా ఉన్నారు.

రెండు రోజుల తర్వాత మామ ఆ బద్దను ఇంటికి తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఎండిన వెదురే, విల్లులా వంగి, మధ్యలో నారలు లేచి ఉంది. నేను తలెత్తలేకపోయాను. "నువ్వు సదివింది తప్పు గాదు బిడ్డా, సగమే సదివినవ్" అన్నాడు. తర్వాత, ఎవరికీ చెప్పలేదంటూ ఒక మాట చెప్పాడు. ఆ రోజు పొద్దుటి నుంచీ గోడలు చిటపటమంటూనే ఉన్నాయట, ఆయన కొత్త బద్ద బిగిస్తుండగా ఒక్కసారి అన్నీ ఊరుకున్నాయట. ముప్పై ఏళ్ళలో అంత నిశ్శబ్దం వినలేదట. "రాయి శెవి వెట్టి ఏదో ఇంటున్నట్టు" అన్నాడు. పైన కుక్కలు ఊరుకున్న ఘడియే అదని నా నమ్మకం. అది ఏ పుస్తకంలోనూ దొరకలేదు, ఉన్న బీరువాలన్నీ వెతికాను.

అక్క మూడు నెలలు మాట్లాడలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం పేలుడు అదిరినప్పుడు మా గుమ్మంలోకి వచ్చి నిలబడి, "ఏమంటది నీ కితాబు?" అని అడిగింది. దెప్పడమే అది. నేను తలవంచుకుని, తెలియదక్కా అన్నాను. ఆ జవాబు విని వెళ్ళిపోయింది. మర్నాడూ వచ్చింది. బావ పదవీ విరమణ దాకా అట్లా ఎన్ని వందలసార్లు అడిగిందో, ఎప్పుడు ఆ దెప్పడం పలకరింపుగా మారిందో నేను చెప్పలేను. బావ దీర్ఘాయువుగా బతికాడు. అయినా ఆమె రాత్రిపూట లేచి అతని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదట. తనను తానే ఒకసారి విధవగా చేసుకున్న మనిషిని దేవుడు ఎన్నాళ్ళు మళ్ళీ ముత్తైదువగా ఉంచుతాడోనని ఆమె భయం. ఆ భయం పెట్టింది నా చదువు.

మామ పని చేసిన పాత సొరంగాన్ని కొన్నాళ్ళకు గోడ కట్టి మూసేశారు. మూసే ముందు ఆయన చివరి బద్ద ఒకటి లోపల బిగించి వచ్చాడు, ఎవరు చూస్తారు మామా అంటే, ఉండనీ అన్నాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. మేము ఊళ్ళు మారాం, అక్క కూతురి దగ్గరికి రాయచూరు వెళ్ళింది, చేతికి ఫోన్లు వచ్చాయి. ఆ తర్వాత బావ పోయాడు. ఆకుపచ్చ గాజులు ఈసారి వేరేవాళ్ళు తీశారు, నేను పక్కనే ఉన్నాను. అయినా రోడ్డు మీద బరువు లారీ పోయి గిన్నెలు అదిరినా, టీవీలో ఏ దేశంలోనో భూమి కంపించిందని చెప్పినా, నిమిషంలో నా ఫోను మోగేది. హలో లేదు, బాగున్నావా లేదు, "కితాబూ, ఏమంటది?" అంతే. తెలియదక్కా అనేదాన్ని. అవతల తృప్తిగా ఒక నవ్వు వినిపించేది.

పోయిన శ్రావణంలో అక్క పోయింది.

మనవరాలి పుస్తకంలో ఇప్పుడు పలకల బొమ్మ రంగుల్లో ఉంది, బాణం గుర్తులు వేసి మరీ. భూమి అదిరితే ఫోనే ముందు చెబుతుందట, అది మంచిదే. బోరు బండి ఆగాక నేను ప్లాస్టిక్ పూలు తీసి పక్కన పెట్టి, చెంబు తోమి, అంచు దాకా నీళ్ళు పోసి గూట్లో పెట్టాను. మనవరాలు గడ్డం కింద చేతులు పెట్టుకుని నాతో పాటు దాన్ని చూస్తూ కూర్చుంది. ఈ నేల ఈ గూటితో, ఈ చెంబుతో, మమ్మల్నిద్దరినీ మోసుకుని ఉత్తరానికి గోరంత గోరంత జరుగుతూనే ఉంది. ఎక్కడో మూసేసిన చీకట్లో ఒక వెదురు బద్ద ఇంకా కొంచెం వంగుతూనే ఉండాలి, లేదా ఎప్పుడో విరిగిపోయి ఉండాలి, చూసి చెప్పేవాళ్ళు లేరు. నీళ్ళు అద్దంలా నిలిచి ఉన్నాయి. వీధిలో కుక్కల చప్పుడు కోసం చెవి పెట్టాను, వినిపించలేదు. "మళ్ళ కదులుతదా అవ్వా?" అని పిల్ల అడిగింది. తెలియదమ్మా అన్నాను, అని, అలవాటు కొద్దీ అక్క నవ్వు కోసం ఒక క్షణం ఆగాను.